రెండో రేడియేటర్

"గుద్దింది నువ్వు కాదు. సరే. మరి మర్నాడు పొద్దున్నే పోయి రేడియేటర్ ఎందుకు మార్చినావు?"

ఊచలకు ఇవతల స్టూలు మీద కూర్చుని అడిగాడు ఆంజినప్ప. లోపల తిప్పేష్ గోడకు ఆనుకుని, మోకాళ్ల చుట్టూ చేతులు కట్టుకుని ఉన్నాడు. పికప్ తోలుకుని బతికే మనిషి. టమోటాలు, చీనీకాయలు, పెండ్లి సామాన్లు, ఏ బాడుగ దొరికితే అది వేసుకుపోతాడు.

"కాగుతాండె అన్నా. నెలపొద్దు నుంచి కాగుతాండె. బోరునీళ్లు పోసి పోసి లోపలంతా ఉప్పు కట్టింది. ఆ పొద్దు ఆయప్పను ఏసుకోని ఆసుపత్రికి గట్టిగా తోలితి గదా, దాంతో పూర్తిగా మూసుకపాయ."

"ముందర బంపరు సొట్ట?"

"అది మండీలో తగిలింది. లారీవాడు చూసుకోకుండా ఎనక్కి తీసె. మండీలో ఎవర్నన్నా అడుగు, వాన్ని నేను తిట్టిన తిట్లు కూడా చెప్తారు."

ఆంజినప్ప నవ్వలేదు. "నల్లప్ప నీకెట్ల కనపడినాడు?"

"రోడ్డు పక్కన కంబళి కనపడె. ఎవడో తాగి పండుకున్యాడనుకుంటి. దాటి పోయినా. మళ్ళీ ఎనక్కి వచ్చినా."

"ఎందుకు?"

"కంబళి కదిలె."

తిప్పేషే మళ్ళీ అన్నాడు. "నీళ్లడిగె. తాపిచ్చినా. బండిలో పండబెడ్తాంటే గొర్రెలు ఇల్లు చేరినాయా అని అడిగె. చేరినాయి పెద్దాయనా అని చెప్పినా. నాకేం తెలుసన్నా? ఆడ ఒక్క గొర్రె కూడా లేదు. పోయేవానికి అబద్ధం చెప్తినే అని అదొకటి పీకుతాండాది."

"అబద్ధం కాదులే. చేరినాయి. వాటంతట అవే దొడ్లోకి పోయి నిలబడినాయంట."

తిప్పేష్ ముఖం మోకాళ్లలో పెట్టుకున్నాడు.

ఆంజినప్ప ఒకప్పుడు ఇలాంటి స్టేషన్లలోనే కానిస్టేబులుగా పనిచేశాడు. ఉద్యోగం మానుకుని రాయదుర్గంలో ఒక గది తీసుకుని డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకున్నాడు. ఈ రోజు తెల్లవారేసరికి ఆ గది గడప మీద పెద్దక్క కూర్చుని ఉంది. చనిపోయిన నల్లప్ప భార్య. గొర్రెలు కాచుకునే ఇల్లు. రాత్రి తిప్పేష్‌ను అరెస్టు చేశారని తెలిసి మొదటి బస్సుకు వచ్చింది.

"నా మొగునికి కడసారి నీళ్లు తాపిచ్చినోడు వాడు," అంది ఆమె. "గుద్దినోడే అయ్యింటే పారేసి పోయుండునే గాని ఎత్తుకోని పోతాడా? రేపు ఆయప్పకు దినాలు. ఆ లోపల వాన్ని ఇడిపీ నాయనా."

గుద్దినవాడెవరో పట్టుకొమ్మని ఆమె అడగలేదు. ఆ సంగతి ఆంజినప్పకు తరువాత చాలాసార్లు గుర్తొచ్చింది.

"మీ ములాఖత్ అయిందా?"

వెనక ఎస్సై అభిలాష్ నిలబడి ఉన్నాడు. కోస్తా వైపు నుంచి వచ్చిన కుర్రవాడు. ఇస్త్రీ చెదరని చొక్కా, పని మీద పట్టుదల. చెడ్డవాడు కాడు. తన లెక్క తప్పదనుకుంటాడు, అంతే.

"ఆంజినప్ప గారూ, డిపార్ట్‌మెంట్ వదిలేసిన తర్వాత కూడా స్టేషన్ స్టూలు మీద మీకు మమకారం పోలేదు."

"స్టూలుదేముంది సార్. కూర్చోమన్నారు, కూర్చున్నా."

"నేను అనలేదే?"

"మీ రైటరు అన్నాడు. మీరొస్తే లేద్దామని అనుకుంటాండా." అని ఆంజినప్ప లేచాడు. "వీడు గుద్దలేదు సార్."

అభిలాష్ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. "చెప్తా వినండి. ఆరున్నర బస్సు వెళ్లేటప్పటికి ఆ రోడ్డు మీద ఏమీ లేదు. బస్సు డ్రైవర్ స్టేట్‌మెంట్ ఉంది. ఏడుంబావుకి ఇతను చావుబతుకుల్లో ఉన్న మనిషితో ఆసుపత్రిలో ఉన్నాడు. మధ్యలో ఆ రోడ్డు మీద ఇంకో బండి చూసినవాళ్లు లేరు. బండి నిండా రక్తం. బంపర్ సొట్ట. మర్నాడే రేడియేటర్ మార్చాడు. రాయదుర్గంలో రేడియేటర్ షాపులన్నీ నేనే స్వయంగా తిరిగాను. ప్రమాదం తర్వాత పికప్‌కి కొత్త రేడియేటర్ కొన్నవాడు ఇతనొక్కడే."

"గుద్దినోడు ఆసుపత్రికి ఎత్తుకోని పోతాడా సార్?"

"భయం వేస్తే పోతాడు. మనిషి బతికితే కేసు చిన్నదవుతుందని ఆశ. నేను చూశాను అలాంటివి." అభిలాష్ వాచీ వైపు చూశాడు. "సాయంత్రం మేజిస్ట్రేట్ ముందు పెడుతున్నాను. ఆ తర్వాత మీరూ, మీ లాయరూ చూసుకోండి."

"ఆ చోటు ఒక తూరి చూస్తాను సార్. మీరుండంగానే."

అభిలాష్ వద్దనలేదు. తన కేసులో సందు ఉందేమోనని ఎదుటివాడు వెతుకుతుంటే పక్కన లేకపోవడం అతనికి ఇష్టం లేదు.

*

గుమ్మఘట్ట వైపు పోయే రోడ్డు. చుట్టూ ఎండిపోయిన వేరుశనగ చేలు. నల్లప్ప పడిన చోట ఒక్క వేపచెట్టు ఉంది. దాని నీడ రోడ్డు సగం దాకా పడింది. నల్లప్ప మామూలుగా గొర్రెలను గుట్ట దోవన తోలుకొచ్చేవాడు. ఆ రోజు వంకలో నీళ్లు లేక, రోడ్డు పక్క బోరు తొట్టికి తాపి, రోడ్డు వెంబడే ఇంటికి మళ్లించాడు. అంతవరకు పోలీసులకూ తెలుసు.

కానిస్టేబులు ముందు నడిచాడు. నల్లప్ప పడిన చోటు చూపించాడు. అభిలాష్ అతని వెనక, అతని వెనక ఆంజినప్ప. పదడుగులు పోయాక కానిస్టేబులు కొద్దిగా ఎడమకు జరిగి నడిచాడు. ఎస్సై కూడా జరిగాడు. ఆంజినప్ప కూడా జరిగి, దాటి, కల్వర్టు దాకా పోయాడు.

బ్రేకు గీతలు లేవు. గాజు ముక్కలు లేవు. గుద్దిన బండి ఆగలేదు. ఆగాలని కూడా చూడలేదు.

ఆంజినప్ప వెనక్కి తిరిగి, వచ్చిన దారి చూశాడు. ముగ్గురూ పక్కకు ఎందుకు జరిగారు?

తిరిగి వచ్చి ఆ చోట కూర్చున్నాడు. తారు మీద ఎర్రని మరక. ఎండకు వెలిసినా నీడ పడే వైపు ఇంకా తెలుస్తోంది.

"తొక్కాకన్నా," అన్నాడు కానిస్టేబులు. "ఎవరో దిష్టినీళ్లు పోసినారు."

"అవునండి, మావాడు మొదటి రోజే చెప్పాడు," అన్నాడు అభిలాష్. "నాకు నమ్మకం లేదు కానీ, వీళ్లు బాధపడతారని నేనూ పక్కనుంచే నడుస్తున్నాను."

"నేనూ అంతే సార్. చూడంగానే కాలు దానంతటదే పక్కకు పోయింది." ఆంజినప్ప మరక మీద వేలు పెట్టాడు. కానిస్టేబులు ముఖం తిప్పుకున్నాడు. "దిష్టినీళ్లు యాడ పోస్తారప్పా?"

"మూడు దోవలు కలిసే చోట."

"ఈడ దోవలెన్ని?"

కానిస్టేబులు అటూ ఇటూ చూశాడు. రోడ్డు ఒక్కటే. కాలిబాట కూడా లేదు.

"ఇంగొకటి చూడు. ఎరుపు అంతటా లేదు. గుండ్రంగా గీత మాదిరి ఉండాది. రోడ్డోళ్లు గుంతలు పూడ్చేదానికి సున్నంతో చుట్టూ గీసిపోతారే, ఆ గీత మీద మాత్రమే ఎర్రగా ఉండాది. గీతకు లోపల చూడు."

గీత లోపల, రాళ్ల సందుల్లో, వెలిసిపోయిన పసుపు రంగు.

"సున్నం డబ్బీ ఇయ్యి."

ఆకువక్క నమిలే కానిస్టేబులు జేబులోంచి డబ్బీ తీశాడు. ఆంజినప్ప గోరుతో కొంచెం సున్నం తీసి, సీసాలోని నీళ్లు రెండు చుక్కలు పోసి, ఆ పసుపు రంగు మీద రాశాడు. సున్నం అంచు ఎర్రబడింది.

అభిలాష్ వంగి చూశాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. "పసుపు. రోడ్డు మీద పసుపు ఎందుకుంటుంది?"

"రేడియేటర్ కారితే ఈ పక్క పసుపు పోస్తారు సార్. సందుల్లో ఉబ్బి పట్టుకుంటాది. మెకానిక్ దగ్గరికి పోయేంత వరకు పని నడుస్తాది. ఆ నీళ్లే ఇవి. మనిషి తగిలి రేడియేటర్ పగిలి, పసుపు నీళ్లు సున్నం మీద పడి ఎర్రబడినాయి. మనమంతా దిష్టి అనుకోని పక్కకు జరిగి పోతాండాము. అందుకే ఇన్ని రోజులు చెరిగిపోకుండా ఉండాది."

అభిలాష్ ఆలోచించాడు. తరువాత తల ఊపాడు. "బాగుంది. ఈ ముక్కకు మీకు ఋణపడి ఉంటాను. తిప్పేష్ పసుపు పోశాడన్నమాట. కేసు ఇంకా బిగిసింది."

"చూడండి, ఈ పసుపు చుక్కలు ఈడ నుంచి పడమటికి పోయినాయి సార్. తిప్పేష్ తూర్పుకు, ఆసుపత్రికి పోయినాడు."

"దాటిపోయి మళ్ళీ వెనక్కి వచ్చానని ఇందాక వాడే మీకు చెప్పాడు. నేను గుమ్మంలోనే ఉన్నాను. గుద్దాడు, పడమటికి కొంతదూరం పోయాడు, మనసు ఊరుకోక తిరిగి వచ్చాడు. సరిపోయిందా?"

సరిపోయింది. అదే ఆంజినప్పకు కష్టంగా ఉంది. మనసు ఊరుకోక వెనక్కి వచ్చిన పాపానికి ఆ మనిషి మీద కేసు సరిగ్గా అతుక్కుంటోంది.

"వాని పాత రేడియేటర్ చూసినారా సార్?"

"తుక్కులో పడేశారు. చూడ్డానికేముంది?"

"దాంట్లో పసుపు ఉంటే నేనే వచ్చి మీ పంచనామాలో సంతకం పెడతా. లేకుంటే?"

అభిలాష్ టోపీ పెట్టుకున్నాడు. "లేకపోతే ఫోన్ చేయండి. జీపు కోర్టుకు కదిలేలోపు."

*

కుళ్ళాయప్ప రేడియేటర్ల షాపు రాయదుర్గంలో బస్టాండు వెనక సందులో ఉంది. కుళ్ళాయప్ప ఒక ట్యాంకు అంచుకు మాటు వేస్తున్నాడు. తలెత్తకుండానే పలకరించాడు.

"ఏమప్పా ఆంజినప్పా, నీ స్కూటరుకు రేడియేటర్ లేదే. దోవ తప్పినావా?"

"తిప్పేష్ ఇచ్చిపోయిన పాతది యాడుండాది?"

"ఆ గోడ మూల. తీసుకోపో. ఎస్సై తూకానికి కూడా తీసుకోలే."

ఆంజినప్ప దాన్ని వెలుతురులోకి లాగాడు. ముందువైపు జాలీ మీద మట్టి, పురుగులు, ఒక టమోటా ఆకు. ఒక్క రేకు కూడా వంగలేదు. మూత తీసి చీపురుపుల్ల లోపలికి దించి తిప్పాడు. పుల్ల తెల్లగా వచ్చింది. గట్టి సున్నపు పెచ్చులు. మళ్ళీ దించాడు. మళ్ళీ తెలుపే. పసుపు చుక్క కూడా లేదు.

మనిషిని గుద్దిన రేడియేటర్ ఇది కాదు.

"కుళ్ళాయప్పా, ఇంగెవరూ పికప్ రేడియేటర్ కొనలేదా ఈ మధ్య?"

"కొత్తది కొనలే."

ఆంజినప్ప పుల్ల కింద పెట్టాడు. "కొత్తది కొనలే. పాతది?"

"పాతది ఒగాయప్ప కొన్యాడు. నేనే బాగు చేసి పెట్టింటి. ఏం?"

"ఎస్సైకి చెప్పలేదా?"

కుళ్ళాయప్ప మాటు వేసే కడ్డీ పక్కన పెట్టి, అప్పుడు తలెత్తాడు. "కొత్త రేడియేటర్ ఎవురు కొన్యారని అడిగె. తిప్పేష్ అని చెప్తి. అడిగినదానికి జవాబు చెప్పినా. పోలీసోళ్లు అడగనిది కూడా చెప్పేదానికి నాకేమన్నా పిచ్చి పట్టిందా?"

"వాడు బదులు ఇచ్చిపోయిన రేడియేటర్ యాడ?"

"దాని కిందనే ఉండాది, చూడు. గోనెసంచిలో సుట్టుకోని వచ్చె. ఇంగా ఇప్పలే."

ఆంజినప్ప సంచి విప్పాడు. ముందువైపు జాలీ కింది మూల లోపలికి అణిగిపోయి ఉంది. వెనకవైపు అదే మూలలో ఫ్యాను రెక్క గీసిన గాట్లు. ముందు నుంచి ఏదో తగిలి వెనక్కి నెట్టితేనే ఫ్యాను దాకా పోతుంది. అణిగిన రేకుల సందులో నల్లటి పోగు చిక్కుకుని ఉంది. లాగితే మెలికలు తిరిగింది. గొర్రె ఉన్ని. కంబళిది.

మూత తీసి పుల్ల దించాడు. పసుపు ముద్ద వచ్చింది. దాన్ని అరచేతిలో వేసుకుని వేలితో మెదిపాడు. ముద్దలో ఏవో తునకలు తగిలాయి. ఒకటి తీసి నీళ్లతో కడిగి చూశాడు. ఎండుకొబ్బరి.

వంటింటి పసుపులో కొబ్బరి ఉండదు. కొబ్బరి తునకలు కలిపిన పసుపు ఒకటే ఉంది. గొర్రెల కాపరుల ఇళ్లల్లో దేవుని పళ్లెంలో పెట్టుకునే బండారం. జాతరలో దేవుని మీద చల్లి, మిగిలింది భయభక్తులతో ఇంటికి తెచ్చుకుంటారు. నుదుట పెట్టుకుంటారు. కూరలో వేయరు.

"ఆ కొన్న మనిషి ఎట్లుండె?"

"ఏం, మామూలు మనిషి. నలభై దాటింటాయి. ఆటోలో వచ్చె. గుండు. తిరుపతికి పోయొచ్చినట్లుండాడే అని, లడ్డు యాడప్పా అంటి నవ్వులాటకు." కుళ్ళాయప్ప గడ్డం గోక్కున్నాడు. "నవ్వలే. పోయి ఎండలో నిలబడె. బేరం కూడా ఆడలే. నేనే ఏమన్నా తప్పు మాట్లాడితినా అనుకుంటి."

ఆంజినప్ప చేతిలోని పసుపును చూస్తూ కూర్చున్నాడు.

నల్లప్పకు కొడుకులు లేరు. అంత్యక్రియల రోజు కర్మ చేసింది తమ్ముడు. గుండు చేయించుకున్నదీ అతనే. ఓబులేసు. పక్క ఊళ్లో, పడమటి దిక్కున కాపురం. అతనికీ ఒక పాత పికప్ ఉంది. ఈ రోజు ఉదయం పెద్దక్క మాటల మధ్యలో చెప్పింది కూడా, దినాల సామాను అంతా ఓబులేసే తన బండిలో తెస్తున్నాడని.

పనికి ఒప్పుకోకుండా ఉండాల్సింది అనిపించింది. ఆమె గడప మీద కూర్చున్నప్పుడు, ఎవరన్నా లాయరు దగ్గరికి పో తల్లీ అని చెప్పి పంపించి ఉండవచ్చు. తిప్పేష్ ఎప్పటికో ఒకప్పుడు బయటపడేవాడేమో. పడకపోయేవాడేమో.

ఫోన్ తీశాడు.

"చెప్పండి," అన్నాడు అభిలాష్.

"తిప్పేష్ దాంట్లో పసుపు లేదు సార్. ముందు జాలీ కూడా బాగుండాది. మనిషిని గుద్దింది ఇంగొక బండి. దాని రేడియేటర్ నా కాళ్ల దగ్గరే ఉండాది. కంబళి పోగు కూడా ఇరుక్కోనుండాది. కుళ్ళాయప్ప షాపులో. మీ మనిషిని పంపి స్వాధీనం చేసుకోండి."

"నేను ఆ షాపుకి వెళ్లానే."

"కొత్తది కొన్నోళ్లెవరని అడిగినారు సార్. వాడు కొన్నది కొత్తది కాదు."

అభిలాష్ మెల్లగా ఊపిరి వదిలాడు. "ఎవరు?"

"ఒక గంట ఆగండి."

"ఆంజినప్ప గారూ, పేరు లేకుండా వేరే బండి ఉందని కోర్టులో నేనేం చెప్పను? కోర్టు గంట ఆగదు. పేరు చెప్పండి, జీపు తిప్పేస్తాను."

"ఆ పేరు మీకంటే ముందు వినాల్సిన మనిషి ఒకరుండారు సార్."

"అది మీ డిటెక్టివ్ పద్ధతా?"

"కాదు సార్. అది పద్ధతి."

*

పెద్దక్క కల్లంలో రాళ్లు పేర్చి రేపటికి పొయ్యిలు సిద్ధం చేయిస్తోంది. దొడ్లో గొర్రెలు అరుస్తున్నాయి. నల్లప్ప పోయినప్పటి నుంచి వాటిని పక్కింటివాళ్లు తోలుకుపోతున్నారు. ఆంజినప్పను చూసి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఇడిచిపెట్టినారా నాయనా?"

"ఇడుస్తారమ్మా. వాడు కాదని తేలిపాయ."

ఆమె ముఖం తేలికైంది. చాలా రోజుల తరువాత అలా అయినట్టుంది. "కూర్చో. మజ్జిగ తెస్తా."

"వద్దమ్మా. ఒక మాట అడగల్ల. నీ దేవుని పళ్లెంలో బండారం ఎవరికన్నా ఇచ్చినావా ఈ మధ్య?"

"ఇస్తినే. మా ఓబులేసుకు. ఆ పొద్దే." ఆమె చెప్పడానికి తడుముకోలేదు. "పొద్దు మునిగే యాళకు వచ్చె. బండి కారిపోతాంది వదినా, రోంత పసుపుంటే ఇయ్యి అనె. ఇంట్లో పసుపు అయిపోయుండె. దేవుని పళ్లెంలోది తీసిచ్చినా. దేవునిది బండికెట్ల పోసేది వదినా అని వాడు ఎనకాడె. మనుషులకు పనికొస్తే దేవుడేమీ అనుకోడు లేరా, పొయ్యి అంటి. నేనే బిందెతో నీళ్లు కూడా..."

ఆగిపోయింది.

ఆంజినప్ప ఆమె ముఖం చూడలేక పొయ్యిరాళ్ల వైపు చూశాడు.

"ఆ పొద్దు వాడు పోయింది రోడ్డు దోవనే," అంది ఆమె. ఎవరికో చెప్తున్నట్టు లేదు. "ఈయప్ప ఎప్పుడూ గుట్ట దోవన వచ్చేవాడు. వాడు రోడ్డు దోవన..."

"అవునమ్మా."

"నీకు రూఢిగా తెలుసునా?"

"తెలుసు."

కల్లం చివర పికప్ వచ్చి ఆగింది. బియ్యం మూటలు, అండాలు, షామియానా గుడ్డ. ఓబులేసు దిగాడు. గుండు మీద చిన్నగా వెంట్రుకలు మొలుస్తున్నాయి. ఒక మూట భుజాన వేసుకుని వచ్చి, వాకిట్లో దించి, అప్పుడు ఆంజినప్పను చూశాడు. ఎవరు అని అడగలేదు. వదిన ముఖం చూశాడు. కొంచెంసేపు అలాగే చూసి, తాను దించిన మూట మీదే కూర్చున్నాడు.

"చెప్పేదానికి రెండు తూర్లు స్టేషను దాకా పోయినా వదినా," అన్నాడు.

"ఎందుకు తిరిగొచ్చినావు?"

"మొదటి తూరి భయమాయ. రెండో తూరికి గుండు చేయించుకోనుంటి. అన్నకు కొరివి కుండ పట్టిన చేత్తో, నేనే చంపితినని ఎట్ల చెప్పేది? తిప్పేష్ ఏ పాపం ఎరగనోడు, అట్ల పిలిచి అడిగి ఇడుస్తారులే అనుకుంటాంటి. నిన్న రాత్రి లోపల ఏసినారని తెలిసె. నిద్ర పట్టలే."

"నిద్ర పట్టకుంటే?" అన్నాడు ఆంజినప్ప. "పొద్దున్నే లేసి బియ్యం కొనేదానికి పోయినావు."

ఓబులేసు తల దించుకున్నాడు.

పెద్దక్క అడుగు ముందుకు వేసింది. గొంతు పెంచలేదు. "మనిషని తెలీలేదా నీకు?"

"ఆవిరి లేసి అద్దం కనపడకుండె. ఏదో తగిలె. గొర్రేమో అనుకుంటి. పక్కకు ఏదో పడె. కంబళి మాదిరి ఉండె." కళ్లు తుడుచుకోవడానికి చేయి ఎత్తి, ఎత్తిన చేయి అలాగే ఉంచాడు. "అన్న అని ఇంటికి పోయి ఫోను వచ్చేదాకా తెలీదు వదినా. నీ మీదొట్టు."

"గొర్రెనే అనుకో. కంబళి కనపడినాక దిగి చూడల్లనా వద్దా? ఆయప్ప ఎంతసేపు పానంతో పడుండెనో. ఒక్క క్షణం నిలిపితే ఏమైతాండెరా?"

ఓబులేసు వదిన వైపు చూశాడు. చెప్పాలో వద్దో తెలియక చాలాసేపు చూశాడు. చెప్పకుండా ఉంటే బాగుండునని ఆంజినప్పకు అనిపించింది.

"నువ్వే గదా వదినా. పసుపు పోసినాము గాని దోవలో యాడా నిలపాకు, నిలిపితే మళ్ళీ లేయదు, నేరుగా ఇంటికి పో అని చెప్తివి. ఇంజను ఆగిపోతే చీకట్లో ఆడనే పడుంటానని... నీ మాటే చెవిలో ఉండె."

దొడ్లో గొర్రెలు అరుస్తూనే ఉన్నాయి. పెద్దక్క వాటి వైపు తిరిగి, నోటితో ఒక శబ్దం చేసింది. నల్లప్ప చేసేది కావచ్చు. గొర్రెలు ఊరుకున్నాయి.

ఆంజినప్ప ఏదో ఒకటి చెప్పాలనుకున్నాడు. ఎవరైనా అదే చెప్పేవాళ్లని. అందులో ఆమె తప్పు లేదని. అది నిజమే. నిజమైనా ఆ మాట ఆమెకు ఎందుకూ పనికిరాదని తెలిసి నోరు తెరవలేదు.

"పొద్దెంతయింది?" అని ఆమె అడిగింది.

"జీపు కదిలే యాళ అయింది."

"ఆ ఎస్సైకి చెయ్ ఫోను."

"నేను చెప్తాలేమ్మా. నువ్వు మాట్లాడే పని లేదు."

"చెయ్ నాయనా."

ఆంజినప్ప నంబరు నొక్కి ఫోన్ ఆమెకిచ్చాడు. ఆమె దాన్ని రెండు చేతులతో పట్టుకుంది. అవతలి మాట బయటికి వినిపిస్తోంది.

"పేరు చెప్తారా, జీపు కదిలించమంటారా?" అన్నాడు అభిలాష్.

"నేను నల్లప్ప పెండ్లాన్ని సారూ."

అవతల గొంతు మారింది. "చెప్పండమ్మా."

"తిప్పేష్‌ను ఇడిచిపెట్టు. వాడు నా మొగునికి నీళ్లు తాపిచ్చినోడు. గుద్దినోడు ఓబులేసు. నా మరిది. ఈడనే కూర్చోనుండాడు, యాడికీ పోడు. రేపు దినాలు. కర్మ చేసేవాడు ఇంగొకడు లేడు. అది చేసినాక తీసుకపోతావో, ఇప్పుడే తీసుకపోతావో, నీ ఇష్టం."

ఓబులేసు మూట మీది నుంచి లేవలేదు. తల మాత్రం రెండు చేతుల్లో పట్టుకున్నాడు.

"రాసుకుంటున్నావా సారూ?"

"రాసుకుంటున్నానమ్మా."

"బండికి పసుపు ఇచ్చింది పెద్దక్క. దోవలో యాడా నిలపాకు అని చెప్పింది కూడా పెద్దక్కే. అది కూడా రాయి."

అభిలాష్ చాలా మెల్లగా చెప్పాడు. "అమ్మా, ఆ మాట కేసుకు అవసరం లేదు."

"నీ కేసుకు లేకపోతే లేకపోనీ," అంది పెద్దక్క. "నువ్వు రాయి సారూ."